హెర్నియా అని చెప్పిన ఆపరేషన్

మా ఆఫీసు బెంగళూరు మహదేవపురలో, రింగు రోడ్డు పక్కనున్న అద్దాల భవనంలో ఉంది. మా టీము కూర్చునేది ఆరో అంతస్తులో. నేను వాడుకోవడానికి ఇచ్చిన టాయిలెట్ మాత్రం కింద, రిసెప్షన్ వెనకాల. ఎవరూ నన్ను పల్లెత్తు మాట అనలేదు. ఎంతో మర్యాదగా మీటింగు పెట్టి, అంతకంటే మర్యాదగా దాన్ని నాకు కేటాయించారు. "మీకు కంఫర్టబుల్‌గా ఉంటుందని ఆలోచించాం" అన్నారు హెచ్‌ఆర్ మేడమ్. ఆ రోజుల్లో నేను వేసుకునే మాత్రల్లో ఒకటి ఒంట్లో నీళ్ళని బయటికి తోసే రకం. బీపీకి వాడే మాత్రే, మగ హార్మోనును కూడా అణుస్తుందని నాలాంటివాళ్ళకి ఇస్తారు. అది పడ్డాక అస్తమానూ పరుగే. లిఫ్టు కోసం నిలబడడం, ప్రతి అంతస్తులోనూ ఆగుతుంటే పళ్ళు బిగపట్టుకోవడం, కిందికి చేరేసరికి హౌస్‌కీపింగ్ వాళ్ళు తలుపుకి అడ్డంగా బకెట్టు పెట్టి తుడుస్తూ ఉండడం. పైకొచ్చి కూర్చున్నాక మేనేజరు అడిగేవాడు, "ఆర్ యూ ఓకే? తరచూ సీట్లో కనబడడం లేదు" అని. ఆడమనిషిగా మారడం గురించి జనం ఏవేవో ఊహించుకుంటారు. నా రెండేళ్ళు ఎక్కువగా లిఫ్టులోనే గడిచాయి.

నేను ఒంగోలులో మగపిల్లవాడిగా పెరిగాను. ముప్పై దాటాక బెంగళూరులో ఆడమనిషిగా బతకడం మొదలుపెట్టాను. అందుకు రోజూ రెండు మాత్రలు. ఒకటి ఆడ హార్మోను, దానితో నాకెప్పుడూ పేచీ లేదు. రెండోది నా ఒళ్ళు తనంతట తాను తయారుచేసుకునే మగ హార్మోనును ఆపడానికి. ఈ రెండోదానితోనే గొడవంతా. మొదట ఇచ్చిన రకం నన్ను మంచానికి అతికించేసింది. ఏడుపు కూడా రాని దిగులు. స్నానానికి లేవాలంటే కొండ ఎక్కాలన్నంత ఆలోచన. అది మానిపించి ఈ నీళ్ళ మాత్ర ఇచ్చారు. దిగులు పోయింది, పరుగు పట్టుకుంది. పైగా ఇది రక్తంలో పొటాషియం పెంచుతుందట. కొబ్బరినీళ్ళు వద్దు, అరటిపండు వద్దు, టమాటా కూడా చూసి తినాలి. నీరసంగా ఉన్నావంటూ ప్రతివాళ్ళూ నా చేతిలో బోండం పెట్టేవాళ్ళే. వద్దంటే, "కొబ్బరినీళ్ళు కూడా పడవా?" అని జాలి.

హార్మోన్ల డాక్టరుగారు మనవైపు మనిషే, నెల్లూరాయన. ఒకరోజు నా గోడంతా విని, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అన్నారు.

"ఇంకో దారి ఉందండీ. వృషణాలు రెండూ తీయించేసుకుంటే ఈ మాత్ర అవసరమే ఉండదు. చిన్న సర్జరీ. పొద్దున వెళితే సాయంత్రానికి ఇంటికి పంపించేస్తారు."

"మరి చేయించుకోమంటారా?"

"అది మీ ఇష్టం."

"మాత్రతోనే ఉండిపోతే?"

"ఉండొచ్చు. పరీక్షలు చేయించుకుంటూ ఉంటే కొందరు చాలా ఏళ్ళు బాగానే ఉంటారు."

"మిగతావాళ్ళు?"

"మిగతావాళ్ళు సర్జరీ చేయించుకుంటారు."

"మీరైతే ఏం చేస్తారు డాక్టరుగారూ?"

సిలబస్‌లో లేని ప్రశ్న అడిగినట్టు చూశారు. "అది పర్సనల్ కదండీ" అన్నారు.

ఆయన్ని తప్పు పట్టలేను. చెప్పాల్సినవన్నీ నిదానంగా చెప్పారు. ఒకసారి తీసేశాక వెనక్కి రావడం ఉండదు. ఆ తర్వాత ఆడ హార్మోను జీవితాంతం వేసుకోవాల్సిందే, మానేస్తే ఎముకలు పెళుసవుతాయి. పిల్లలు కావాలన్న ఆలోచన ఏ మూలైనా ఉంటే ముందే వీర్యం దాచి పెట్టుకోవాలి. అయితే దానికి కొన్ని నెలలు ఈ మాత్రలన్నీ మానేసి చూడాలి. అన్నీ చెప్పి, చివర్లో మళ్ళీ "మీ ఇష్టం" అన్నారు. బయటికొచ్చి ఆటో ఎక్కితే డ్రైవరు కూడా "ఏ దారిన పోదాం మేడమ్, మీ ఇష్టం" అన్నాడు. అతని మీద అరిచినంత పని చేశాను.

అక్కడి నుంచి సలహాల తిరునాళ్ళ. మొదట కలిసిన సర్జను, "పెద్ద ఆపరేషన్ ఎలాగూ చేయించుకుంటారుగా, ఇదీ అప్పుడే చేసేద్దాం" అన్నారు. ముందు ఇదొక్కటే చేస్తే కింది చర్మం ముడుచుకుపోయి, రేపు ఆ చర్మంతో యోని తయారుచేయడానికి ఆయనకి కష్టమట. పెద్ద ఆపరేషన్ కావాలో వద్దో నాకింకా తెలియదన్నాను. "అయితే తెలుసుకుని రండి" అన్నారు నవ్వుతూ. రెండో సర్జను ఆ మాట విని ఆశ్చర్యపోయారు. "చర్మమా? ఎవరన్నారు మీకు? ఏమీ కాదు" అని ఈయనా నవ్వారు. ఇద్దరూ చదువుకున్నవాళ్ళు, ఇద్దరూ నా మంచి కోరేవాళ్ళు, ఇద్దరికీ అనుమానమన్నది లేదు. ఉన్నదంతా నాకే.

సైకియాట్రిస్టు సర్టిఫికెట్ ఉంటేగానీ ఎవరూ కత్తి పట్టరు. ఆయన దగ్గరికి వెళితే మొదటి ప్రశ్నే, "చిన్నప్పుడు బొమ్మలతో ఆడుకునేవారా?"

"క్రికెట్ ఆడేదాన్నండీ. వికెట్ కీపింగ్."

ఆయన పెన్ను ఆగింది. "బొమ్మలతో అస్సలు..."

"మా అక్క బొమ్మలు ముట్టుకోనిచ్చేది కాదు."

దాంతో ఆయన ముఖం తేటపడి గబగబా రాసుకున్నారు. ముప్పై మూడేళ్ళ మనిషిని, ఉద్యోగం చేస్తున్నాను, నా ఇంటద్దె నేనే కట్టుకుంటున్నాను. నా గురించి తీర్పు మాత్రం మా అక్క బొమ్మల మీద ఆధారపడి ఉంది.

నాకో స్నేహితురాలుంది, నాకంటే పెద్దది, నాలాగే మారిన మనిషి. కుందలహళ్ళిలో నా గదికి దగ్గర్లోనే ఉంటుంది. అన్నీ ఒకేసారి చేయించుకుంది. ఆదివారాలు మేమిద్దరం సందు చివర ఆంధ్రా మెస్సులో తింటాం. విషయం చెప్పగానే ముద్ద ఆపేసింది.

"రెండుసార్లు కోయించుకోవడమేంటే? రెండుసార్లు మత్తు, రెండుసార్లు సెలవు, రెండుసార్లు అబద్ధాలు. ఆగు. అన్నీ ఒకేసారి చేయించుకో."

"అన్నీ కావాలో వద్దో తెలియకుండానే?"

"తెలియకపోవడమేంటి?"

ఆ మాటే నాకు ఒళ్ళు మండించేది. డాక్టర్లకీ, అక్కకీ, చివరికి దీనికి కూడా, నేను ఎక్కడికో టికెట్టు కొనుక్కున్న ప్రయాణికురాలిలా కనిపిస్తాను. మధ్య స్టేషన్లో దిగి కాసేపు నిలబడతానంటే ఎవరికీ అర్థం కాదు. నాక్కావలసిందల్లా ఆ మాత్ర మానేయడం. అంతకుమించి ఆ క్షణంలో ఏమీ లేదు.

ఇక మా అక్క. అమ్మా నాన్నా నాతో మాటలు మానేశాక నాకు మిగిలిన పుట్టిల్లు అదే. పీణ్య దగ్గర ఉంటుంది. బావవాళ్ళు తాతల కాలం నుంచీ బెంగళూరువాళ్ళు. ఇంట్లో తెలుగే కానీ ఆ తెలుగు సగం రాయలసీమ, సగం కన్నడం. బావకి పీణ్యలో చిన్న మెషిన్ షాపు, నాలుగు లేత్‌లు. అందరినీ "అప్పా" అంటాడు, భార్యని కూడా. అందుకని నన్ను ఏ లెక్కలో పిలుస్తున్నాడో నాకు ఎన్నడూ తేలలేదు. అక్క మాత్రం నేను చీర కట్టుకుని మొదటిసారి వాళ్ళింటికి వెళ్ళిన రోజు నుంచి "ఏరా" మానేసి "ఏమే" అనడం మొదలుపెట్టింది. ఎవరూ చెప్పలేదు, తనే మార్చుకుంది.

ఆ ఆదివారం అక్క నానబెట్టిన అవరే గింజలు, అంటే మన అనపగింజలు, ముందేసుకుని, ఒక్కొక్కటే వేళ్ళతో నొక్కి తొక్కలోంచి బయటికి చిమ్ముతోంది. నేనూ సాయం కూర్చున్నాను. ఆ పని చేస్తూ ఈ మాట ఎత్తడం నా తెలివితక్కువ.

"మాత్ర పడకపోతే రేపు మానేయొచ్చు" అంది అక్క. "కోసింది మళ్ళీ అతికిస్తారా?"

"అతికించక్కర్లేదనే కదా కోయించుకునేది."

"రేపు నీకు పిల్లలు కావాలనిపిస్తే?"

"అనిపించదు."

"ఎవరు చెప్పారు అనిపించదని? ఇరవై రెండేళ్ళప్పుడు నేనూ అదే అన్నాను."

"దాచి పెట్టుకోవచ్చట. కానీ కొన్ని నెలలు మాత్రలు మానేయాలి."

"మానేయ్."

"మానేస్తే గడ్డం మళ్ళీ..."

"ఒరేయ్, గడ్డం గీసుకోవచ్చురా!"

ఆ "రా" ఇద్దరం విన్నాం. అక్క వెనక్కి తీసుకోలేదు. గింజల పళ్ళెం పక్కకి తోసింది.

"పిల్లల కోసం నేను ఎన్నేళ్ళు సూదులు పొడిపించుకున్నానో నీకు తెలుసా? పొట్ట మీద పొడుచుకోవడానికి చోటు వెతుక్కునేదాన్ని. నవ్వొచ్చినా ఏడుపొచ్చినా అది నాదో సూదిదో తెలిసేది కాదు. అంత చేసినా దేవుడు నాకివ్వలేదు. నువ్వేమో ఉన్నది తీసి చెత్తబుట్టలో పారేస్తానంటే నేను కూర్చుని గింజలు ఒలుస్తూ వినాలా?"

"ఇది నేనడిగి తెచ్చుకున్నది కాదక్కా."

"నాకు లేనిదీ నేనడిగి తెచ్చుకోలేదు."

లేచి వచ్చేశాను. నా ఒంట్లో ఉన్నదాన్ని మా అక్క పోగొట్టుకున్నదానితో తూచడమేంటని మెట్రోలో దారి పొడవునా మండిపడ్డాను. ఆమె మాట అబద్ధమని మాత్రం అనుకోలేకపోయాను. ఆ తర్వాత చాలా వారాలు మా మధ్య ఫోన్లు లేవు.

చివరికి నిర్ణయం నేను తీసుకోలేదు. రక్తం తీసుకుంది. ఒక మధ్యాహ్నం, మీటింగులో ఉండగా ల్యాబు నుంచి ఫోనొచ్చింది. పొటాషియం బాగా ఎక్కువగా ఉంది, వెంటనే డాక్టరుతో మాట్లాడమన్నారు. డాక్టరుగారు ఈసారి "మీ ఇష్టం" అనలేదు. "ఇప్పుడే వచ్చి ఈసీజీ తీయించుకోండి, ఆ మాత్ర ఇంక వేసుకోకండి" అన్నారు. గుండెకేమీ కాలేదు. మాత్ర ఆగిపోయింది. కావాలంటే మొదటి రకం మళ్ళీ కొద్ది మోతాదులో మొదలుపెడదామన్నారు, నన్ను మంచానికి అతికించినదాన్ని. వద్దన్నాను. నెలనెలా పొడిచే ఇంజెక్షనొకటి ఉంది కానీ దాని ఖరీదు నాకు అందుబాటులో లేదు.

మాత్ర మానేసిన నెలలోపే ఒళ్ళు పాతదారి పట్టింది. మొహం మీద జిడ్డు, చెమటలో పాత వాసన. పొద్దున్నే నిద్ర లేవగానే ఇల్లు ఖాళీ చేసి వెళ్ళిన అద్దెవాడెవడో తాళం తీసి మళ్ళీ లోపలికొచ్చినట్టు ఉండేది. అద్దంలో గడ్డం నీడ చూసినప్పుడు ఏడుపు రాలేదు, విసుగొచ్చింది. ఇద్దరు సర్జన్లూ, సైకియాట్రిస్టూ, స్నేహితురాలూ, అక్కా, అందరూ ఒకవైపు, ఈ విసుగొక్కటే ఒకవైపు. అదే నెగ్గింది. వీర్యం దాచుకునే సంగతి కూడా అప్పుడే ఆలోచించాను, ఎలాగూ మాత్ర ఆగింది కదా అని. ఒక రోజంతా నిజంగా ఆలోచించాను. వద్దనుకున్నాను. రెండో సర్జనుకి ఫోన్ చేసి తారీఖు అడిగాను.

తర్వాత అక్కకి చేశాను. ఆపరేషన్ చేయించుకుంటున్నానని చెప్పాను.

"ఎప్పుడు?" అంది.

చెప్పాను.

"ఇక్కడికే రా. నీ గదిలో ఎవరున్నారు చూసేవాళ్ళు?"

మర్నాడు మళ్ళీ ఫోను. "మా అత్తమ్మకి నీకు హెర్నియా ఆపరేషన్ అని చెప్పాను."

"హెర్నియా ఏంటక్కా?"

"మరేం చెప్పమంటావ్?"

నిజం చెప్పి ఒక ఇల్లు పోగొట్టుకున్నదాన్ని. రెండో ఇంట్లోకి అబద్ధంతో వెళ్ళాల్సి వచ్చింది. పైగా ఆ అత్తమ్మ, బావ తల్లి, నన్ను మగపిల్లవాడిగానూ చూసింది, చీరలోనూ చూసింది. చీరలో చూసిన రోజు ఆవిడ అన్నదల్లా, "కుచ్చిళ్ళు సరిగ లే, ఇట్ల రా" అని. అలాంటావిడకి ఈ అబద్ధమెందుకో నాకు అర్థం కాలేదు. కానీ వాదించే ఓపిక లేదు.

ఆపరేషన్ రోజు బావ కారులో తీసుకెళ్ళాడు. అక్క వెనక సీట్లో ఫ్లాస్కు పట్టుకుని కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఆసుపత్రిలో నన్ను ఏ వార్డులో పడుకోబెట్టాలో ఎవరికీ తెలియలేదు. ఫైలులో ఒకటుంది, ఎదురుగా ఇంకొకటుంది. మగవాళ్ళ వార్డు నర్సు కాదంది, ఆడవాళ్ళ వార్డు నర్సు పైవాళ్ళని అడగాలంది. స్ట్రెచర్ మీద వరండాలో పడుకుని సీలింగు చూస్తున్నాను. గౌను వెనక తెరిచే ఉంది. బావ మొదట కన్నడంలో మర్యాదగా అడిగాడు, తర్వాత మర్యాద లేకుండా అడిగాడు, ఆ తర్వాత నావైపు తిరిగి తెలుగులో అన్నాడు.

"ఏమప్పా ఇది, కోసేకి తెలుస్తాది, పండబెట్టేకి తెలీదా వీళ్ళకి?"

చివరికి పిల్లల వార్డులో ఒక మంచం ఖాళీ ఉందని అక్కడికి తోశారు. గోడల నిండా ఏనుగులు, బెలూన్లు. అక్క మంచం పక్కన నిలబడి ఆ ఏనుగుల్ని చూస్తూ ఉండిపోయింది.

వెన్నులో మత్తు ఇచ్చారు. నడుం కింద ఏమీ తెలియలేదు. డాక్టర్లు హెబ్బాళ ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్ గురించి మాట్లాడుకున్నారు, అంతలో అయిపోయిందన్నారు. ఏదో పెద్ద భావం కలుగుతుందని ఎదురుచూశాను. ఆకలేసింది.

అసలు కష్టం ఇంటికొచ్చాక మొదలైంది. అత్తమ్మ భర్తకి ఒకప్పుడు రెండువైపులా హెర్నియా ఆపరేషన్ అయింది. అంచేత ఆవిడకి తెలియనిది లేదు. దగ్గకూడదు, నవ్వకూడదు, చప్పిడి చారు తప్ప ఏమీ తినకూడదు. నేను ఐసు పెట్టుకోబోతే, "హెర్నియాకి చల్లదా? ఎవురు చెప్పింది నీకి?" అని లాక్కునేది. పక్కింటావిడ తమ మామగారి పాత నడుం బెల్టు ఉతికి తెచ్చిచ్చింది. అత్తమ్మ దాన్ని నాకు కట్టడానికి దుప్పటి తీయబోయింది.

"అత్తమ్మా, వద్దు! నాకు హెర్నియా కాదు!"

బెల్టు చేతిలో అలాగే ఉంది. "మరి?"

ఇంక సాగదీసే ఓపిక లేదు. "మగవాళ్ళకుండేవి రెండూ తీసేశారు. వాటిని అణచడానికి వేసుకునే మాత్ర నాకు పడలేదు. అందుకని."

ఆవిడ మంచం అంచు మీద కూర్చుంది. చెంప మీద చెయ్యి పెట్టుకుంది. నేను అన్నిటికీ సిద్ధపడ్డాను.

"అది ముందర చెప్పల్లా లేదా?" అంది. "పక్కింటామెకి చెప్పుండాను, కింద టైలరుకి చెప్పుండాను, గుడికాడ అందురికీ హెర్నియా అని చెప్పుండాను. ఇప్పుడు నేనేమి చెప్పేది?"

"హెర్నియా అనే ఉండనివ్వండి."

"సుమ్నే, ఊరికే ఇన్ని దినాలు నీకి చప్పిడి చారు పోసుండాను కదప్పా! ఉప్పు, కారం వేసుకోవచ్చునా నువ్వు?"

"వేసుకోవచ్చు."

"నాకి అబద్ధం చెప్పిందెవురు?"

అక్క పేరు చెప్పక తప్పలేదు. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళింది. అక్కణ్నుంచి గిన్నెల చప్పుడుతో పాటు మాటలు వినిపించాయి.

"నాతో చెప్తే నేను ఊరంతా దండోరా వేస్తానని అనుకున్నావా?"

"వేశారు కదత్తమ్మా! హెర్నియా గురించి టైలరుక్కూడా చెప్పారు!"

"హెర్నియా చెప్పొచ్చు. ఇది చెప్తానా? అంత తెలివి లేదా నాకి?"

నవ్వితే కుట్లు లాగాయి. దిండు పొట్టకి అదుముకుని నవ్వాను.

కాసేపటికి అక్క ఐసు సంచీ, గిన్నెలో కారంగా పులుసన్నం తెచ్చింది. మొహం ఎర్రగా ఉంది. నా పక్కన కూర్చుని నేను తింటుంటే చూసింది.

"నొప్పిగా ఉందా?"

"లోపల లాగుతోంది. పొత్తికడుపు దాకా."

"నాకు ఐవీఎఫ్‌లో రెండోసారి ఎగ్స్ తీసినప్పుడు అట్లాగే లాగింది." దుప్పటి అంచు మడత పెడుతూ చెప్పింది. "మీ బావక్కూడా చెప్పలేదు. ఇంటికొచ్చి వంట చేశాను. ఆపరేషన్ కాదు, ప్రొసీజరు అన్నారు. ప్రొసీజరుకి పడుకోవచ్చని నాకెవరూ చెప్పలేదు."

అక్క ఇదివరకెప్పుడూ ఇంత చెప్పలేదు. సూదుల గురించి చెప్పింది కోపంలో, ఆ ఒక్కసారే.

"నువ్వు చేసింది నాకిప్పటికీ ఇష్టం లేదు" అంది.

"తెలుసు."

"కానీ ఆ మాత్రలు మనిషిని తనలో తనని ఉండనివ్వవు. అది నాకు తెలుసు. ఏమే, కొంచెం జరుగు, నడుం వాల్చాలి."

జరిగాను. చిన్న మంచం, ఇద్దరికీ చాలదు. ఐసు సంచీ కాలికి తగిలి అక్క కెవ్వుమంది. వంటింట్లోంచి అత్తమ్మ "ఏమాయ?" అని అరిచింది.

కుట్లు మానాక కుందలహళ్ళి వచ్చేశాను. రక్తం మామూలుగా ఉంది. ఇప్పుడు ఒకటే మాత్ర. అత్తమ్మ అప్పుడప్పుడు ఫోన్ చేసి, చుట్టుపక్కల ఎవరైనా ఉంటే గట్టిగా "హెర్నియా బాగుందా?" అని అడుగుతుంది. డాక్టర్లూ, స్నేహితురాలూ ఇప్పుడు అడిగేది ఒకటే, పెద్ద ఆపరేషన్ ఎప్పుడని. ఇంకా తెలియదని చెబుతున్నాను. తెలియదంటే ఎవరూ నమ్మరు.